ఇంటూ మార్కు వద్దన్న పిన్ని

పోయిన నెల్లో ఒక ఆదివారం పొద్దున్న నా ఫోను మోగింది. చూస్తే పిన్ని కొడుకు పేరు. ఆ అబ్బాయి నాకు ఫోను చేసి ఏళ్ళయింది. పేరు చూడగానే సంగతి అర్థమైపోయింది. "దీదీ, మమ్మీ నహీ రహీ" అన్నాడు. వెనక ఆసుపత్రి వరండాలో స్ట్రెచరు చక్రాల చప్పుడు వినపడుతోంది. ఎప్పుడని అడిగాను. ఇప్పుడే, కాసేపటి కిందటే అన్నాడు, అదీ హిందీలోనే. ఫోను పెట్టేస్తాడనుకున్నాను. పెట్టలేదు. చిన్నపిల్లాడు చెప్పినట్టు తెలుగులో "అమ్మ పోయింది అక్కా" అన్నాడు.

అంతకు వారం ముందే పిన్ని వంటింట్లో పడిపోయింది. మాట పోయింది, కుడి చెయ్యి పోయింది. రాయ్‌పూర్ ఆసుపత్రికి వెళ్ళి చూశాను. ఎడం చేత్తో నా వేళ్ళు పట్టుకుని ఏదో అడగబోయింది. గొంతులోంచి చప్పుడు వచ్చింది గాని మాట రాలేదు. దాహమా అన్నాను, కాదన్నట్టు కళ్ళు మూసింది. అబ్బాయి గురించా అన్నాను. మళ్ళీ కళ్ళు మూసింది. ఇంకేం అడగాలో నాకు తోచలేదు. నా వేళ్ళు వదిలేసి కిటికీ వైపు తల తిప్పుకుంది. ఆవిడ నన్ను చివరిసారి అడగబోయినదేమిటో నాకు తెలీదు, ఇంక తెలిసే దారీ లేదు.

పిన్ని మాకు చుట్టం కాదు. ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి-3లో స్టేషను దగ్గర, వెనక గోడలు పట్టాలవైపు ఉన్న ఇళ్ళ వరసలో మేం ఈ చివర, వాళ్ళు ఆ చివర. మాది బొబ్బిలి వైపు. నాన్న రైల్వేలో పనిచేసేవారు. వాళ్ళది భీమిలి దగ్గర పల్లెటూరు, ఆదివారం తెలుగు చర్చికి వెళ్ళే కుటుంబం. అప్పట్లో ఆవిడ ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో టీచరు. నేను ఇక్కడే పుట్టి హిందీ స్కూల్లో చదివినదాన్ని. ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాయగలుగుతున్నానంటే, సాయంత్రాలు చర్చి పిల్లలతోపాటు నన్నూ చాపమీద కూర్చోబెట్టి ఆవిడ దిద్దించిన అక్షరాల వల్లే.

అక్షరాలయ్యాక కథ ఉండేది. కథ మంచి పట్టులో ఉండగా ఆపి, "ఇప్పుడా పిల్ల ఏటి చేస్తాది?" అని అడిగి, అన్నం చూసొస్తానని లోపలికి వెళ్ళిపోయేది. మేం కొట్టుకునేవాళ్ళం. పారిపోతుందని ఒకరు, అరుస్తుందని ఒకరు. పిన్ని తిరిగొచ్చి గుమ్మంలో నిలబడి వినేది. ఎవరు కరెక్టో ఎప్పుడూ చెప్పేది కాదు. "మరైతే ఆ పిల్ల తమ్ముడి సంగతో?" అని ఇంకోటి అడిగేది. మాకు ఒళ్ళు మండిపోయేది. ఇంటికెళ్ళి అన్నం తింటూ కూడా ఆ తమ్ముడి గురించే ఆలోచించేదాన్ని.

నేను కాలేజీలో ఉండగా, ఇది ఇంకా మధ్యప్రదేశ్‌గా ఉన్న రోజుల్లో, పిన్ని భర్త, మా బాబాయి, పోయారు. ఊరి బయట ఒక చిన్న ఫ్యాక్టరీలో ఆయన ఫిట్టరు. ఒక రోజు ఆయన స్నేహితుడు పనిమీద ఒక ట్యాంకులోకి దిగి, అక్కడే కూలిపోయాడు. లోపల వాసన లేని గ్యాసు ఉంది. పైనుంచి చూసిన బాబాయి ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా దిగిపోయారు. ఇద్దరూ పైకి రాలేదు.

ఆ తర్వాత బాబాయి గురించి మాట్లాడని సభ లేదు మా వైపు. యూనియన్ ఆఫీసులో దండ వేసిన ఫోటో పెట్టారు. చర్చిలో ఏటేటా జ్ఞాపకార్థ ప్రార్థనలో పాస్టరుగారు ఆయన త్యాగం గురించి చెప్పేవారు. కొడుకు అప్పటికి ప్రైమరీ స్కూల్లో ఉన్నాడు. తండ్రి గురించి అందరూ మాట్లాడుతుంటే భుజాలు నిటారుగా పెట్టుకుని నిలబడేవాడు. పిన్ని ముందు వరసలో తలొంచుకుని కూర్చునేది. అది దుఃఖమనే అనుకున్నాం అందరం. దుఃఖమే. కానీ అందులో ఇంకోటి కూడా ఉందని నాకు చాలా ఏళ్ళ దాకా తెలీలేదు.

ఫ్యాక్టరీవాళ్ళు పిన్నికి ఉద్యోగం ఇస్తామన్నారు. ఆ గేటులోంచి రోజూ ఎలా వెళ్తావని అందరూ అడిగారు. పిల్లాణ్ణి చదివించాలి కదా అంది. స్కూలు మానేసి వెళ్ళింది. టీచరు కాబట్టి ట్రైనింగ్ రూములో వేశారు. కొత్తగా పనిలోకి వచ్చే కాంట్రాక్టు కూలీలకి జాగ్రత్తలు చెప్పడం పని. పక్క ఊళ్ళనుంచి సైకిళ్ళమీద వచ్చే ఛత్తీస్‌గఢీ మనుషులు వాళ్ళు, చాలామందికి చదువు రాదు. అందరికీ ఆవిడ దీదీ అయిపోయింది.

నేను ఆ గదిలో మొదటిసారి అడుగు పెట్టింది కొత్త రాష్ట్రం వచ్చిన కొన్నేళ్ళకి. అప్పటికి కంప్యూటరు డిప్లొమా చేసి ఒక చిన్న కంపెనీలో చేరాను. ట్రైనింగ్ అంతా ఆన్‌లైన్‌లో పెట్టేస్తామని మా యజమాని తిరిగి తిరిగి ఆర్డర్లు తెచ్చేవాడు. అలా వచ్చిందే ఆ ఫ్యాక్టరీ పని. కూలీలు గేటు పాసు తీసుకునే ముందు కంప్యూటరు ముందు కూర్చుని కోర్సు పూర్తి చెయ్యాలి. కోర్సు నేను తయారుచేశాను. హెల్మెట్ బొమ్మ, కింద ఒక నియమం, ఆ కింద "ఆగే బఢే", ముందుకెళ్ళండి, అని ఒక బటన్. తరవాత బూట్ల బొమ్మ, ఇంకో నియమం, అదే బటన్. చివర పరీక్ష. నాకైతే చాలా బాగుందనిపించింది. అక్షరాలు ఎగురుకుంటూ కూడా వచ్చేవి.

మొదటి రోజు పిన్ని గది వెనకాల స్టూలు వేసుకుని కూర్చుంది. కంప్యూటర్లవైపు చూడలేదు, మనుషుల మొహాలు చూసింది. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా విప్పుతూ అడిగింది.

"వాళ్ళు ఏటి చూస్తన్నారో చూసేవేటే?"

"కోర్సు చూస్తున్నారు కదా పిన్నీ."

"కాదు. బటన్ ఎప్పుడొస్తాదా అని చూస్తన్నారు. చదువొచ్చిన ఆ పొడుగాయన ఉన్నాడు కదా, అందరి పరీక్షా అతనే నొక్కీసేడు."

నాకు రోషం వచ్చింది. అందులో ఏం తప్పుందో చెప్పమన్నాను.

"తప్పేటి లేదు. అన్నీ ఉన్నాయి. నువ్వు చెప్పీసేవు, అంతే. వాళ్ళని ఏటీ అడగలేదు." పచ్చడి నా డబ్బా మూతలో వేసింది. "రేపు నా క్లాసుకి రా."

వెళ్ళాను. ఆవిడ బల్ల ముందు నిలబడి ఒక మనిషి గురించి చెప్పడం మొదలుపెట్టింది. అతను పొద్దున్నే పెళ్ళాంతో గొడవపడి వచ్చాడు, టిఫిన్ తెచ్చుకోలేదు, ఆకలిమీద ఉన్నాడు, క్రేను కింద ఏదో పడిపోయింది, వంగి తీసుకుంటే అరనిమిషం పని. అక్కడ ఆపింది. "అబ్ తుమన్ కా కరహూ?" అని వాళ్ళ భాషలోనే, మీరైతే ఏం చేస్తారని అడిగింది. అడిగి వాళ్ళకి వీపు తిప్పేసి, ఫ్యాను రెగ్యులేటరు అటూ ఇటూ తిప్పుతూ నిలబడిపోయింది. తరవాత ఒకడు, వెళ్ళకూడదు దీదీ అన్నాడు. ఆవిడ తిరగలేదు. ఇంకాసేపటికి వెనకనుంచి ఒక ముసలాయన నవ్వి, నేనైతే తీసేసుకుంటాను, రోజూ తీసుకుంటూనే ఉన్నాం కదా అన్నాడు. అప్పుడు గది నిండా మాటలు. పిన్ని అప్పుడు ఇటు తిరిగింది.

"మొదటి జవాబు నాకోసం చెప్తారే" అంది బయటికొచ్చాక. "రెండోది వాళ్ళకోసం చెప్పుకుంటారు. ఆ రెండోది వచ్చేదాకా ఆగాలి. మొహం చూస్తా ఉంటే రాదది. వీపు చూస్తే వొస్తాది."

కంప్యూటరు వీపు ఎలా తిప్పాలన్నది మా సమస్య అయింది. నెలల తరబడి సాయంత్రాలు వాళ్ళింట్లో కూర్చునేదాన్ని. నియమాలన్నీ తీసేసి కథలు పెట్టాం. చదవడం రానివాళ్ళకోసం వాళ్ళ భాషలోనే పిన్ని గొంతు రికార్డు చేశాం. వెనకే పట్టాలు. గూడ్సు బండి వస్తే చెప్పిందే మళ్ళీ చెప్పాలి. ఎండాకాలం, తలుపులు వేసి ఫ్యాను ఆపి, ఇద్దరం చెమటలు కక్కుతూ చేసేవాళ్ళం. బండి వెళ్ళేదాకా కళ్ళు మూసుకుని కూర్చునేది. ఆ తరవాత అదే గొంతుతో, అదే చోటునుంచి ఎత్తుకునేది. కథ ఆగినచోట ప్రశ్న వచ్చేది. నొక్కగానే సరి, తప్పు అని చెప్పకుండా కాసేపు ఖాళీగా ఉండి, "పక్కా?" అని ఆవిడ గొంతు ఇంకోసారి అడిగేది. జవాబు మార్చుకోవచ్చు. చాలామంది అక్కడ మార్చేవారు.

ట్యాంకు గురించి కథ నేనే రాశాను. తోటి కార్మికుడు ట్యాంకులో పడిపోయాడు, మీరేం చేస్తారు? వెంటనే దిగుతారా, లేక కేకవేసి జనాన్ని పిలిచి గాలి సిలిండరున్న మాస్కు తెప్పిస్తారా? కొందరిని కూర్చోబెట్టి చూశాం. అందరూ ఆలోచించకుండా మాస్కు అన్న జవాబే నొక్కారు. నేను సంతోషించాను.

పిన్ని సంతోషించలేదు. "ఎవడే ఆ తోటి కార్మికుడు?" అంది.

"ఎవరో ఒకరు, పిన్నీ."

"ఎవరో ఒకరైతే ఎవడైనా మాస్కు కోసమే వెళ్తాడు."

వంటింట్లోకి వెళ్ళింది. పొయ్యిమీద ఏమీ లేదు, ఊరికే వెళ్ళి వచ్చింది. వచ్చి కూర్చుని, రాసుకోమంది.

"వాళ్ళిద్దరూ ఒకే రోజు పనిలో చేరేరు. మధ్యాహ్నం డబ్బాలు మార్చుకుంటారు. ఈయనకి ఆళ్ళింటి మెంతికూర ఇష్టం. ఆయనకి ఈళ్ళింటి చేపల పులుసు. ఆయన కూతురి పెళ్ళి కుదిరింది, ఆ కబుర్లే పొద్దున్నుంచీ. ఆయన ట్యాంకులో దిగేడు. ఈయన పిలిస్తే పలకలేదు. వొంగి చూసేడు. ఆయన వొరిగిపోయి ఉన్నాడు. చెయ్యి కనపడతంది. వేళ్ళు కదుల్తన్నాయి." అక్కడ ఆగింది. "మాస్కు పక్క షెడ్డులో ఉంది. ఇప్పుడు అడుగు."

పెన్ను పక్కన పెట్టేశాను. ఆ మెంతికూర, చేపల పులుసు డబ్బాలు నేను చూసినవే.

"పిన్నీ, ఇది వొద్దు" అన్నాను.

"ఆయన మంచోడు" అంది. గొంతు ఎత్తలేదు. "మంచోడు కాబట్టే దిగేడు. పిరికోడైతే ఇంటికొచ్చీసేవోడు. ఆ గదిలో కూర్చునేవోళ్ళందరూ మంచోళ్ళే. ఆళ్ళ మంచితనమే ఆళ్ళని దిగమంటాది. నువ్వు బూట్లు ఏసుకోండి, హెల్మెట్ పెట్టుకోండి అంటన్నావు. దాన్ని ఎలగ ఆపుతావు?"

ఈ కొత్త కథ పెట్టి మళ్ళీ చూశాం. ఈసారి ఎక్కువమంది దిగుతామనే నొక్కారు. "పక్కా?" అని అడిగినా మార్చలేదు. ఒకతను మాస్కు బటన్ దాకా వేలు తీసుకెళ్ళి, వెనక్కి తెచ్చుకుని, దిగుతానన్నదే నొక్కి, తలొంచుకున్నాడు.

నొక్కితే ఏం వస్తుంది? నేను పెద్ద ఎర్ర ఇంటూ మార్కు పెట్టాను, బర్రుమని ఒక చప్పుడుతో. అది చూడగానే పిన్ని మొహం మారిపోయింది. లేచి వచ్చి తెరకి అరచెయ్యి అడ్డం పెట్టేసింది.

"తియ్యి. ఆయనకి ఇంటూ పెట్టకే గుంటా."

తీసేశాను. మరి ఏం పెట్టాలి? ఆవిడే చెప్పింది. తెరమీద ట్యాంకు మూత ఒక్కటే ఉంటుంది, గుండ్రంగా, నల్లగా. పిన్ని గొంతు వస్తుంది: "ఇప్పుడు లోపల ఇద్దరున్నారు. మీరు కూడా లోపలే ఉన్నారు. పైన మూడో మనిషి పరుగెత్తుకుంటూ వస్తున్నాడు. అతను మీకు స్నేహితుడు. అతన్ని దిగకుండా ఎవరైనా ఏం చెప్పి ఆపాలి?" దానికి బటన్లు లేవు. తెర అలాగే ఉండిపోతుంది. ఆ గదిలో మనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. కాసేపటికి మాట్లాడుకునేవారు. కంప్యూటరు ముందు కూర్చున్నవాళ్ళు కంప్యూటరుని వదిలేసి మాట్లాడుకోవడం నేను అక్కడే చూశాను. ఆఫీసువాళ్ళు మార్కులేవని అడిగారు. వాళ్ళకోసం చివర్న మామూలు పరీక్ష ఒకటి అతికించాం.

కొడుకు అప్పటికి దుర్గ్‌లో డిప్లొమా చదువుతున్నాడు. ఒక శనివారం ఇంటికొచ్చి, నేను వదిలి వెళ్ళిన కంప్యూటరు ముందు కూర్చుని ఆ కథ విన్నాడు, అమ్మ గొంతుతో. నేను వెళ్ళేసరికి గది మధ్యలో నిలబడి ఉన్నాడు. పిన్ని మంచంమీద కూర్చుని బట్టలు మడతపెడుతోంది.

"పాపా చేసింది తప్పా? సీదా చెప్పు మమ్మీ."

"తప్పని నేను అన్లేదు."

"మరి ఇదేంటి? అందరూ పాపాకి దండం పెడతారు. నువ్వు ఆయన్ని ఫెయిల్ చేసి చూపిస్తున్నావు."

పిన్ని మడత పెట్టిన చొక్కా మళ్ళీ విప్పి, మళ్ళీ మడత పెట్టింది. "అందరూ మీ నాన్న గొప్పోడంటారు. నేనూ అవునంటాను. కానీ నాకు గొప్పోడు అక్కర్లేదురా. నాకు ఆయన ఇంటికొస్తే చాలు. ఆ మాట ఎవరితో అనాలి నేను? చర్చిలో అనాలా?"

అతను నావైపు తిరిగాడు. "దీదీ, ఆప్‌నే మేరే పాపా కో క్విజ్ బనా దియా" అన్నాడు. మా నాన్నని నువ్వు క్విజ్ చేసేశావు అని. చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. డిప్లొమా అవగానే నాగ్‌పూర్‌లో పని చూసుకున్నాడు. అమ్మకి ఫోను చేసేవాడు, పండగలకి వచ్చేవాడు. కానీ కూర్చుని మాట్లాడడం పోయింది. ఆ కథ తీసేద్దామని పిన్నిని రెండు మూడుసార్లు అడిగాను. "ఉంచు" అనేది. "ఆడు ఎప్పటికైనా అడగాల్సిందే అడిగేడు. నన్ను కాబట్టి అడిగేడు" అనేది. ఆ మాట అన్న రోజు భోజనం చేసేది కాదు.

ఆ కోర్సు చుట్టుపక్కల మరికొన్ని ఫ్యాక్టరీలకి వెళ్ళింది. దానివల్ల ఏం జరిగిందని మీరు అడగొచ్చు. నాకు తెలిసింది ఒక్కటే, అదీ సంతోషంగా చెప్పుకునేది కాదు.

కొన్నేళ్ళ కిందట ఒక సాయంత్రం ఒక మనిషి పిన్ని ఇంటికి వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. ముప్ఫై దాటిన వెల్డరు, ఆ ఫ్యాక్టరీలోనే కాంట్రాక్టు పని. చేతికి కట్టు ఉంది. గడప దగ్గరే కూలబడిపోయాడు. జరిగింది చెప్పాడు. మరోదా అనే ఊరు దాటాక వాళ్ళ బస్తీలో ఎవరో ఇల్లు కట్టుకుంటున్నారు. కొత్త సెప్టిక్ ట్యాంకు, పైకప్పు పోసి చాలా రోజులు మూసి ఉంచారు, లోపల గాలి పాడైపోయింది. లోపలి సెంట్రింగు చెక్కలు తియ్యడానికి అన్నదమ్ములిద్దరు వచ్చారు. తమ్ముడు ముందు దిగాడు. దిగినవాడు దిగినట్టే పడిపోయాడు. అన్న వెనకే దూకబోయాడు. ఈ వెల్డరు పక్కింటివాడు. పరుగెత్తి అన్న నడుం పట్టుకున్నాడు. కింద పడేసి మీద కూర్చున్నాడు. అన్న ఇతని చెయ్యి కొరికేశాడు. అయినా వదల్లేదు. అరిచి జనాన్ని పిలిచాడు. ఫైరువాళ్ళు వచ్చి తీసేసరికి తమ్ముడిలో ప్రాణం లేదు.

"వాళ్ళమ్మ నా మొహాన మట్టి కొట్టింది దీదీ" అన్నాడు. "నువ్వు వదిలుంటే వాడు తెచ్చేవాడు, నువ్వే చంపావు అంది. బస్తీలో ఎవరూ నాతో మాట్లాడ్డం లేదు. అన్న కూడా. మీరు చెప్పినట్టే చేశాను. మీ కథలో ఆ మూడోవాణ్ణి ఆపమన్నారు. ఆపినవాడికి తరవాత ఏమవుతుందో చెప్పలేదేం?"

పిన్ని లేచి పళ్ళెంలో అన్నం పెట్టి ఇచ్చింది. కట్టున్న చేత్తో కలుపుకోలేకపోతుంటే ఆవిడే కలిపి ముద్దలు పెట్టింది. అంత మనిషీ ఏడుస్తూ తిన్నాడు. అతను వెళ్ళాక నేను, ఇప్పుడు కథలో ఇది కూడా పెట్టాలా అన్నాను.

"పెట్టాలి. ఆపినోడితో మీరేటి మాట్లాడతారు అని."

"దానికి జవాబేంటి?"

"నాకూ తెల్దే" అంది.

ఆ ఆదివారం చర్చినుంచి తిన్నగా ఆ బస్తీకి వెళ్దామంది. స్కూటరుమీద నేనే తీసుకెళ్ళాను. పోయినవాడి తల్లి వాకిట్లో గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి ఎవరని కూడా అడగలేదు. పిన్ని వెళ్ళి ఆవిడ పక్కన నేలమీద కూర్చుంది. జీవితంలో మొదటిసారి పిన్ని ఏమీ అడగకుండా అంతసేపు కూర్చోవడం చూశాను. చాలాసేపయ్యాక ఆ తల్లే, ఎందుకొచ్చారంది.

పిన్ని ఛత్తీస్‌గఢీలో నెమ్మదిగా చెప్పింది. తన భర్త కూడా ఇలాగే ఒక ట్యాంకులో స్నేహితుడు పడిపోతే దిగాడని, ఇద్దరూ పోయారని. "నలుగురూ చుట్టూ ఉన్నారమ్మా" అంది. "మా ఆయన్ని ఎవరూ పట్టుకోలేదు."

ఆ తల్లి పిన్ని మొహంలోకి చూసింది. క్షమించాననీ అనలేదు, అర్థమైందనీ అనలేదు. లేచి లోపలికి వెళ్ళి, లోటాతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. పిన్ని తాగింది. ఆ తరవాత కూడా కొన్ని ఆదివారాలు వెళ్ళింది. వెల్డరుని ఆ ఇంటివాళ్ళు పలకరించారా అంటే, లేదనే నాకు తెలుసు. అతను కొన్నాళ్ళకి బస్తీ మారిపోయాడు.

దారిలో ఒకసారి స్కూటరు వెనకనుంచి పిన్ని, "నేను అడక్కుండా ఉంటే బాగుణ్ణేమో" అంది. గాలికి సరిగా వినపడలేదన్నట్టు ఊరుకున్నాను. అడక్కుండా ఉంటే ఆ ఇంట్లో ఇద్దరు పోయేవారని అనాలనుకున్నాను. ఆ తల్లి కళ్ళు గుర్తొచ్చి అనలేకపోయాను.

పిన్నిని సమాధి చేసిన రోజు ఎండ బాగా ఉంది. చర్చివాళ్ళు, మా వీధివాళ్ళు, ఫ్యాక్టరీనుంచి సైకిళ్ళమీద చాలామంది వచ్చారు. ప్రార్థన తెలుగులో జరుగుతుంటే అర్థంకాకపోయినా తువ్వాళ్ళు భుజంమీంచి తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డారు. కొడుకు పెట్టె పక్కన ఉన్నాడు. మట్టి వేసేటప్పుడు ఒక్కొక్కరే ముందుకొచ్చారు. వెల్డరు వచ్చాడు, గుంటకి ఒక పక్క నిలబడి పిడికెడు మట్టి వేసి, అక్కడే ఉండిపోయాడు. ఎదుటి పక్కకి ఇంకొకతను వచ్చాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. పలకరించుకోలేదు. వెల్డరే ముందు కళ్ళు దించుకున్నాడు.

"వో కౌన్ హై?", ఎవరతను, అని కొడుకు నన్ను మెల్లిగా అడిగాడు. వాళ్ళమ్మ ఆ సంగతులేవీ అతనికి చెప్పలేదు. ఆ నాలుగు ముక్కలూ నేను అతని చెవిలో చెప్పాను. దూకబోయినవాడు ఇతను, పట్టుకున్నవాడు అతను అని. కొడుకు చాలాసేపు అటే చూస్తూ నిలబడ్డాడు.

ఆ అన్న భుజాలమీద ఒక పిల్ల ఉంది. మూడేళ్ళుంటాయేమో. తండ్రి వంగి మట్టి తీసుకుంటుంటే తనకీ కావాలని చెయ్యి చాపింది. అతను ఆ చిన్న అరచేతిలో కొంచెం పోశాడు. ఆ పిల్ల వేళ్ళు విప్పి మట్టిని కిందికి వదిలింది. సగం గుంటలో పడింది, సగం గాలికి తండ్రి చొక్కామీద పడింది. మిగిలిన దుమ్ముని అతని జుట్టుకి తుడుచుకుని, జుట్టు రెండు చేతులా గట్టిగా పట్టుకుని కూర్చుంది. అతను ఆ పిల్ల కాళ్ళు పట్టుకుని, మెల్లగా వెనక్కి అడుగు వేసుకుంటూ, గుంట అంచునుంచి దూరంగా జరిగాడు.